గార్డు తాతతో ఆసన్‌బనీ చుట్టు

మొన్న డ్యూటీ నుంచి వస్తూ టాటానగర్‌లో గోల్‌మురి మార్కెట్ దగ్గర స్కూటీ ఆపాను. వంకాయలు ఏరుకుంటుంటే పక్కనుంచి ఒక వాసన వచ్చింది. తియ్యగా, కొంచెం పులిసినట్టుగా, వెచ్చగా. తిరిగి చూస్తే ఒక ఆదివాసీ అమ్మాయి గోనెపట్టా మీద ఇప్పపూలు పోసుకుని కూర్చుంది. చేతిలో ఉన్న వంకాయలు తిరిగి బుట్టలో పెట్టేశాను. "క్యా హువా దీదీ, నహీ లేనా?" అని కూరలమ్మే ఆమె, వంకాయలు వద్దా అన్నట్టు, అడిగింది. పదిహేనేళ్ల కిందట ఒక పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని ఇలాంటి వాసన మధ్యే నిలబడి, "పువ్వు రాల్తన్న సప్పుడు ఇనపడతందా గుంటా?" అని అడిగాడు. నాకు వినపడలేదు. ఆయనకు వినపడింది.

ఆయన పేరు అప్పలస్వామి. టాటానగర్ రైల్వే కాలనీలో మా పక్క వరసలో ఉండేవారు. శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పద్దెనిమిదేళ్ల వయసులో వచ్చి రైల్వేలో చేరి, ముప్పై ఏళ్లు గూడ్సు బండికి గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. కాలనీలో పిల్లలందరికీ ఆయన గార్డు తాతే. మా నాన్న కూడా రైల్వేయే గాని, నాన్నది షెడ్డులో పని. గార్డు ఉద్యోగం వేరు. బండికి ఆఖర్న, బ్రేకు వ్యానులో ఒంటరిగా కూర్చోవాలి. ముందున్న డ్రైవరు రాబోయేది చూస్తాడు, గార్డు అంతా వెనక్కి పోతుంటే చూస్తాడు. "నా కళ్లముందుకి ఏ ఊరూ రానేదు. అన్నీ ఎల్లిపోయినవే" అనేవారు ఆయన నవ్వుతూ.

రిటైరైన నాలుగేళ్లకు నీటికాసులు వచ్చి చూపు పోయింది. నేనాయనకు దగ్గరైంది ఆ తర్వాతే. అప్పటికి నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు మొదటి సంవత్సరం ప్రాక్టికల్‌లో ఫెయిలై ఇంట్లో కూర్చున్నాను. ఫెయిలైన తీరు చెప్పుకుంటే సిగ్గు. రక్తం అద్దిన గాజు పలక ఒకటి మైక్రోస్కోపు కింద పెట్టి ఏముందో రాయమన్నారు. మా బ్యాచ్‌లో అందరికీ మలేరియా పలకలే వస్తాయని ఎవరో చెప్పారు. నేను పుస్తకంలో ఉన్నదంతా పొల్లుపోకుండా రాసి, బొమ్మ కూడా వేశాను. నాకిచ్చిన పలకలో మలేరియా లేదు. అది ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తం. "నువ్వు ఇందులోకి ఒకసారైనా తొంగిచూశావా?" అని ఎగ్జామినరు అందరి ముందూ అడిగాడు. చూశాను. కాని నాకు కావలసింది చూసుకున్నాను.

నెల రోజులు గుమ్మం దాటలేదు. అప్పుడొక ఆదివారం పొద్దున గార్డు తాత మా గోడ తడుముకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "రేవతి ఖాళీగా ఉన్నాదా? నన్ను ఆసన్‌బనీ తీసుకెల్లాల" అని అమ్మను అడిగారు. "అక్కడేటి పని బాబూ?" అంది అమ్మ. "పనేటీ నేదమ్మా. నడక" అన్నారు.

ఆసన్‌బనీ టాటానగర్ నుంచి ఖరగ్‌పూర్ వైపు వెళ్లే దారిలో చిన్న స్టేషను. ప్యాసింజరు బండ్లు తప్ప ఎక్స్‌ప్రెస్‌లేవీ ఆగవు. గూడ్సు బండిని పక్క లైన్లో పెట్టి ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇచ్చే చోటది. సర్వీసులో ఆయన ఆ స్టేషన్లో గంటలకొద్దీ ఆగిపోయేవారట. బ్రేకు వ్యాను ఎప్పుడూ లెవెల్ క్రాసింగ్ పక్కనే ఆగేది. గేటు అవతల నుంచి ఒక ఎర్రమట్టి దారి సాల్ చెట్లలోకి పోయి మలుపు తిరిగేది. "ఆ మలుపు కాడ ఏటున్నాదో సూడాలని ముప్పై ఏళ్లు అనుకున్నాను. గార్డన్నోడు బండి దిగి ఎల్లిపోకూడదు కదా. రిటైరైన వారం రోజులకి టికెట్టు కొనుక్కుని ఎల్లేను. ఆ దారమ్మట పోతే, పోయి పోయి మళ్లీ స్టేషన్ రెండో కొసకే తెచ్చి పడేసింది!" అని మొదటిసారి బండిలో నాకు చెప్పారు. చెబుతుంటే ఆయన మొహంలో చిన్నపిల్లల సంబరం ఉంది.

ఆ చుట్టు మొత్తం రెండున్నర గంటల నడక. గేటు దాటి ఎర్రమట్టి దారి, సాల్ అడవి, రాళ్ల మీద అడుగేస్తూ దాటే వాగు, మట్టిగోడలకు రంగులు పూసిన సంతాల్ ఆదివాసీల పల్లె, పల్లె దాటాక చెరువు గట్టు, గట్టు దిగితే పొలాలు, పొలాల చివర రైలు పట్టాల పక్కన కాలిబాట. చూపున్న రోజుల్లో ఆయన ప్రతి ఆదివారం ఒక్కరే తిరిగేవారు. చూపు పోయాక తీసుకెళ్లేవాళ్లు లేరు. పారమ్మ మామ్మ, అంటే ఆయన భార్య, కాలు విరిగి అతికినప్పటి నుంచి కుంటుతూ నడిచేది. పిల్లలు లేరు.

మొదటి రోజు గేటు దాటగానే ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "ఏటవుపడతంది?" అని అడిగారు.

"కొండలు" అన్నాను.

"దల్మా కొండలు అక్కడే ఉంటాయని నాకూ తెల్సు. ఇయ్యాల ఎలాగున్నాయో సెప్పు."

"కొండల్లాగే ఉన్నాయి తాతా. బస్, పహాడ్ హై."

ఆయన ఆగిపోయారు. నా మోచెయ్యి వదిలేశారు. "మరైతే పద, వాపస్ ఎల్లిపోదాం. నాకు తెలిసింది నాకే సెప్పడానికి నువ్వెందుకు?" అన్నారు. కోపంగా కాదు, బండి కదలడానికి వీల్లేదని చెప్పే అధికారిలా. నాకు ఒళ్లు మండింది. చేసేది లేక తలెత్తి కొండల కేసి చూశాను. ఉన్నది ఒక కొండ కాదు, ఒకదాని వెనక ఒకటి మూడు వరసలు. ముందు వరస ఆకుపచ్చ. రెండోది నీలం. మూడోది ఆకాశంలో కలిసిపోయి ఉందో లేదో తెలియడం లేదు. వాన వెలిసిన పొద్దు కాబట్టి నడుము దగ్గర తెల్లటి పొగమంచు పట్టీ ఉంది. అదంతా తడబడుతూ, సగం తెలుగులో సగం హిందీలో చెప్పాను. ఆయన మళ్లీ మోచెయ్యి పట్టుకున్నారు. "ఆఁ. ఇప్పుడు నడు" అన్నారు.

అలా ఏడాదికి పైగా నడిచాం. నన్ను అడిగే తీరు ఎప్పుడూ ఒకటే. చెట్లు పచ్చగా ఉన్నాయంటే ఒప్పుకునేవారు కాదు. "ఏ సెట్టు? కొస ఆకు సూడు. మాఘమాసం ఎల్లిపోయింది, సాల్ లేతాకు ఎర్రగా ఉండాలి కదా?" అంటారు. చూస్తే నిజంగానే ఎర్రగా ఉండేది. మరోసారి ఆయన ఎర్రగా ఉండాలన్నది పసుపుగా ఉంది. భయపడుతూనే చెప్పాను. "అయితే నాను తప్పు. నీకు కనపడిందే రైటు" అన్నారు. తాను తప్పు అని అంత తేలిగ్గా చెప్పిన పెద్దమనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. గార్డు దగ్గర ఒక జర్నలుంటుందట. బండి ఎక్కడ ఎప్పుడు ఆగింది, ఎందుకాగింది, అన్నీ అందులో రాయాలి. "ఏదయినా జరిగితే రేపు పదిమంది పది మాటలు సెప్తారు. నా పుస్తకంలో నాను సూసిందే ఉండాల. అనుకున్నది ఉండకూడదు" అని ఆయన చెప్పినప్పుడు నాకు నా గాజు పలక గుర్తొచ్చింది. ఆయన నన్ను తిట్టడానికి చెప్పలేదు. నా ఫెయిలు సంగతి ఆయనకు పూర్తిగా తెలుసో లేదో కూడా నాకు తెలియదు.

ఆయన కోపిష్టి, మొండివాడు కూడా. వాగు దాటేటప్పుడు చెయ్యి పట్టుకోనిచ్చేవారు కాదు. రెండుసార్లు నీళ్లలో పడ్డారు. పడ్డ రెండోసారి గట్టున కూర్చుని పంచె పిండుకుంటూ, అడక్కుండానే ఒక మాట చెప్పారు. చూపు మసకబారడం మొదలైన కొత్తలో ఆయన మామ్మకు చెప్పలేదట. ఏడాదిపాటు అన్నీ కనబడుతున్నట్టే నటించారట. మామ్మ సూదిలో దారం ఎక్కించమంటే కళ్లజోడు బాగాలేదని తప్పించుకునేవారట. డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి ఆలస్యమైపోయింది.

"జనమంతా నా జర్నలు నిజమని నమ్మేవోరు. ఇంట్లో ఆడదానికి ఒక్క నిజం సెప్పలేపోయాను. ఒకవేళ సెప్పుంటే రెండో కన్నయినా మిగిలుండును" అన్నారు. తడిసిన పంచెతోనే లేచి నడిచారు.

ఏడాది తిరిగాక, రెండో సంవత్సరం క్లాసులకు వెళ్తూనే, ఫెయిలైన ప్రాక్టికల్ పరీక్ష మళ్లీ రాశాను. ఈసారి పలకలో నాకు కనిపించింది రాశాను. ఒకచోట అర్థంకాకపోతే, అది ఇలా కనిపిస్తోంది గాని ఏమిటో తెలియదని రాశాను. పాసయ్యాను. ఆ ఆదివారం సంతాల్ పల్లెలో, మేము ఎప్పుడూ మంచినీళ్లు తాగే ఇంటి దగ్గర ఆ సంగతి చెబితే, ఆయన ఆ ఇంటి ముసలమ్మను పిలిచి, "మేరీ పోతీ పాస్ హో గయీ" అన్నారు. మనవరాలు. ఆ మాట విన్న రోజు ఎంత పొంగిపోయానో, తర్వాత తలుచుకున్న ప్రతిసారీ అంత కుంగిపోయాను.

ఎందుకంటే రెండు నెలలు తిరక్కుండానే, ఇప్పపూలు రాలే రోజుల్లో, నేను ఆ పని చేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా క్లాసు అమ్మాయిలంతా సాక్చీలో సినిమాకు వెళ్తున్నారు. నన్నూ రమ్మన్నారు. మామూలుగా మేము ఆసన్‌బనీ నుంచి ఒంటిగంట బండికి తిరిగొచ్చేవాళ్లం. సినిమాకు అందాలంటే పదకొండు గంటల బండి ఎక్కాలి. తాతా, ఈ వారం వద్దు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాదనేవారు కాదు. కాని ఆయన తెల్లవారకముందే తయారై, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని అరుగు మీద కూర్చున్నారు. చెప్పలేకపోయాను. సర్దుకోవచ్చులే అనుకున్నాను.

మొదట్లో అన్నీ మామూలుగానే జరిగాయి. ఇప్పచెట్ల కింద ఆయన చాలాసేపు నిలబడిపోయారు. పువ్వు రాలే చప్పుడు వినమని అడిగింది అప్పుడే. నేను గడియారం చూసుకుంటున్నాను. వాగు దాటగానే రెండు దారులుంటాయి. ఎడమకు వెళ్తే పల్లె, ఆ తర్వాత చెరువు గట్టు. కుడికి వెళ్తే పొలం గట్ల మీదుగా నేరుగా స్టేషను వెనక్కి. సగానికి సగం తక్కువ. నేను కుడికి తిప్పాను. పల్లె ఏదని అడిగితే ఏం చెప్పాలో ముందే ఆలోచించుకున్నాను. అడగకముందే, "ఇవాళ సంతకు వెళ్లారు తాతా, ఇళ్లన్నీ తాళాలేసి ఉన్నాయి. ఆగకుండా వెళ్లిపోదాం" అన్నాను. ఆయన ఊఁ అన్నారు.

కొంతదూరం పోయాక, "సెరువు గట్టు ఎక్కేమా?" అని అడిగారు.

"ఎక్కాం."

"ఏటవుపడతంది?"

నా ముందు కోసేసిన వరి మోళ్లు, ఎండకు పగిలిన మట్టి తప్ప ఏమీ లేదు. నేను చెరువు గురించి చెప్పడం మొదలుపెట్టాను. నీళ్లు నిండుగా ఉన్నాయన్నాను. అవతలి ఒడ్డున తెల్ల కలువలు, నీళ్లలో రెండు గేదెలు, ఒకదాని వీపు మీద కొంగ, రాతి మీద బట్టలుతుకుతున్న ఒక ఆవిడ. మాటలు వాటంతటవే వచ్చాయి. ఏడాదిగా నిజం చూసి చెప్పిన రోజుల్లో ఎన్నడూ తడుముకోకుండా చెప్పలేదు. అబద్ధం చెప్పేటప్పుడు ఒక్కచోట కూడా తడబడలేదు.

ఆయన తల కొంచెం పక్కకు వంచి విన్నారు. "గట్టు మీద గాలి నేదేటి ఇయ్యాల?" అన్నారు.

"లేదు తాతా. ఉక్కగా ఉంది."

"బాగా సెప్పినావు గుంటా" అన్నారు.

ప్లాట్‌ఫారం మీదికి వచ్చి కూర్చోగానే బండి కూత వినిపించింది. "ఇవాళ తొందరగా నడిచేశాం తాతా. పదకొండు బండే అందింది" అన్నాను. "అవును, తొందరగానే నడిచేం" అన్నారాయన. ముప్పై ఏళ్లు ఎన్ని నిమిషాలకు ఎంత దూరమో లెక్క కట్టి రాసిన మనిషి. నేను ఆ రోజు ఆ సంగతే ఆలోచించలేదు. నాకు సినిమా అందింది. అందులో ఒక్క దృశ్యం కూడా ఇప్పుడు గుర్తులేదు.

ఆ మరుసటి ఆదివారం ఆయన అరుగు మీదికి రాలేదు. నేనే వెళ్లి అడిగితే మోకాలు నొప్పి అన్నారు. ఆ పై వారమూ అదే మాట. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఆదివారాలు నావి అయ్యాయి. కోర్సు చివరి సంవత్సరం, చదువు ఎక్కువైంది. అప్పుడప్పుడు ఆయన వాకిట్లో కూర్చుని కాలనీ పిల్లలు క్రికెట్ ఆడుతుంటే స్కోరు అడగడం కనిపించేది. మోకాలి నొప్పి ఉన్న మనిషి పొద్దున్నే నీళ్ల బకెట్లు మోయడం కూడా కనిపించేది. కనిపించింది, కాని నేను చూడలేదు.

ఒకసారి మాత్రం అవకాశం వచ్చింది. కోర్సు అయిపోయాక జూలైలో గోల్‌మురిలో ఒక చిన్న ల్యాబులో ఉద్యోగం దొరికితే మిఠాయి పట్టుకుని వెళ్లాను. ఆయన ముక్క చిదిమి నోట్లో వేసుకుని, నా తల తడిమి, "ఇంక నువ్వు రాసిందే జనం నమ్ముతారు. జాగర్త తల్లీ" అన్నారు. తాతా, ఆ రోజు మనం చెరువు గట్టు ఎక్కలేదు అని చెప్పాలి. ఏడు మాటలు. చెప్పలేదు. దానికి బదులు, "ఈ ఆదివారం ఆసన్‌బనీ వెళ్దామా?" అన్నాను.

"ఎందుకమ్మా, వానల్లో. నీకిప్పుడు డ్యూటీలు కూడానూ. నాకు బానే ఉన్నాది, నువ్వెల్లు" అన్నారు.

నేను వెళ్లాను. ఇంకోమారు బతిమాలితే వచ్చేవారేమో. నేను బతిమాలలేదు.

ఆ చలికాలంలో ఆయన పోయారు. రెండు రోజుల జ్వరం, అంతే. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి తీసుకెళ్లిపోయారు. పదకొండు రోజులూ అయ్యాక ఒక సాయంత్రం పారమ్మ మామ్మ దగ్గర కూర్చున్నాను. ఆయన చొక్కాలు మడతపెడుతోంది. ఉండబట్టలేక చెప్పేశాను. దారి మార్చిన సంగతి, లేని చెరువు చూపించిన సంగతి, సినిమా సంగతి. తల దించుకునే చెప్పాను.

మామ్మ మడతపెట్టడం ఆపలేదు. "ఆయనకి తెల్సు" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. గట్టెక్కితే కాలికి తెలీదేటమ్మా? ఎత్తుండొద్దా?"

"మరి నన్నెందుకు అడగలేదు మామ్మా? తిట్టొచ్చు కదా."

"ఆ దినం ఇంటికొచ్చి కూకున్నాడు. గుంటకి ఎక్కడికో ఎల్లాలున్నట్టుంది పారమ్మా, నాను అడ్డమైపోతన్నాను. పాపం, సెప్పడానికి మొహమాటపడింది. ఇంక దాన్ని తిప్పకూడదు అన్నాడు. నీకు సెప్పొద్దన్నాడు. మోకాలు నొప్పని నన్నూ సెప్పమన్నాడు." ఒక చొక్కా కాలరు సరిచేసి, "నువ్వు సెప్పిన సెరువు మాత్రం నాకు సెప్పినాడు. కొంగ కూడా. అంత బాగా ఎన్నడూ సెప్పనేదు అన్నాడు" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన నాకోసం అబద్ధమాడారు. ఒకసారి అబద్ధమాడి కళ్లు పోగొట్టుకున్న మనిషి, రెండోసారి అబద్ధమాడి, తనకు మిగిలిన ఆ నడక కూడా పోగొట్టుకున్నారు. నేను సిగ్గుపడకూడదని.

ఆ తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే ఆసన్‌బనీ వెళ్లాను. వాగు దాటాక ఎడమకు తిరిగాను. పల్లెలో నీళ్లిచ్చే ముసలమ్మ, "బాబా కహాఁ హై?" అని అడిగింది. లేరని చెప్పాను. ఆమె చెంబు నింపి తెచ్చి నాకు నీళ్లిచ్చింది. చెరువు గట్టెక్కాను. పాదాల కింద నేల లేచింది. పైకెక్కగానే గాలి మొహాన కొట్టింది. నీళ్లు సగానికి తగ్గి ఉన్నాయి. కలువలు లేవు. ఒక డీజిలు పంపు, దాని పక్కన తుప్పు పట్టిన పైపు, గట్టు మీద మేకల పెంటికలు. ఎక్కడినుంచో వచ్చిన నాలుగు నీటిబాతులు. చుట్టు పూర్తిచేసి ఒంటిగంట బండి ఎక్కాను.

సాయంత్రం మామ్మకు అదంతా చెప్పాను. పంపు, పైపు, బాతులు. ఆమె చివరిదాకా విని, "ఇదంతా ఉన్నదేనా?" అంది.

"ఉన్నదే మామ్మా."

"ఆయన ఇనుంటే బావును" అంది. అంతకుమించి మేమిద్దరం ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. మామ్మ తర్వాత తమ్ముడి దగ్గరకు శ్రీకాకుళం వెళ్లిపోయింది.

పదిహేనేళ్లుగా ల్యాబులో పనిచేస్తున్నాను. పలకలో ఉన్నది రాస్తాను, తెలియనిది తెలియదని రాస్తాను. అందుకు నన్ను మెచ్చుకున్నవాళ్లున్నారు. ఆ మెప్పు నాకు దక్కాల్సింది కాదని నాకొక్కదానికే తెలుసు. కాని ఆయన దగ్గర నేర్చుకున్నది అదొక్కటే అయితే ఇది రాసేదాన్ని కాదు. ఆయన నడక మానేశాక నేర్చుకున్నది వేరే ఉంది. పరీక్షకు రక్తం ఇవ్వడానికి వచ్చే పెద్దవాళ్లను కొందరు పిల్లలు బెంచీ మీద కూర్చోబెట్టి, గంటలో వస్తామని వెళ్లబోతారు. "పర్లేదు, నాకు బానే ఉంది, నువ్వెళ్లు" అంటారు ఆ పెద్దవాళ్లు. పిల్లలు వెళ్లిపోతారు. నేను ఆ మాట నమ్మను. చేతిలో పని ఉంటే ముగించి, వచ్చి పక్కన కూర్చుంటాను. కొందరు విసుక్కుంటారు కూడా. అయినా కూర్చుంటాను. ఒకసారి ఒకరు నాతో ఆ మాట అన్నారు, నేను లేచి వెళ్లిపోయాను.